దిష్టి పేరాలు

మా కమిటీలో సభ్యులు తొమ్మిదిమంది. తొమ్మిదిమంది చేతుల్లోనూ ఎర్ర పెన్సిళ్ళుంటాయి. ఏ కాగితం ముందు పెట్టినా అందులో ఒక్క మాటైనా కొట్టేయకుండా ఇంటికెళ్తే ఆ పూట వాళ్ళకి అన్నం సయించదు. ఎందుకు కొట్టారని అడక్కూడదు. పెన్సిలిచ్చింది అందుకేగా అంటారు.

నేను పార్లమెంటు విదేశాంగ కమిటీకి తీర్మానాలు రాసిపెట్టే గుమస్తాను. ఇరవయ్యారేళ్ళుగా మూడో అంతస్తులో అదే గది, అదే కుర్చీ. నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి రిటైరైన రోజున తాళంచెవులు నా చేతిలో పెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఒక రహస్యం చెప్పాడు.

“ఏ తీర్మానంలోనైనా పనికొచ్చే పేరా ఒక్కటే ఉంటుందమ్మా. దాని జోలికి ఎవరూ రాకూడదంటే దాని ముందు నాలుగు వికారమైన పేరాలు పెట్టు. కొట్టేయడానికే పెట్టు. కడుతున్న ఇంటికి దిష్టిబొమ్మ ఎందుకు తగిలిస్తారు? చూపంతా దానిమీద పడాలనేగా?”

అప్పట్నుంచీ మా గదిలో వాటి పేరు దిష్టి పేరాలు. ఒకసారి చేపలవేట ఒప్పందం మీద తీర్మానం రాస్తూ, మన జలాల్లో పుట్టిన చేపలు పరాయి వలల్లో పడరాదని ఈ సభ ఆశిస్తోంది అని పెట్టాను. దానిమీద ముప్పావుగంట కొట్టుకున్నారు. చివరికి కొట్టేసి, విజయగర్వంతో కాఫీ తాగి వెళ్ళారు. వలల కన్ను ఎంతుండాలో చెప్పే అసలు పేరా కమాతో సహా గట్టెక్కింది.

ఈ కథకి కావాల్సిన సభ్యులు నలుగురే. అధ్యక్షుడు పెద్దాయన, గంట కొట్టడం తప్ప ఇంకేదీ తొందరపడి చేయడు. మాస్టారు ఒకప్పుడు హెడ్మాస్టరు, పెళ్ళి శుభలేఖ ఇచ్చినా తప్పులు దిద్ది తిరిగిచ్చే రకం. లారీలాయనకి రెండువందల లారీలున్నాయి, వాటిలో సగానికి పైగా పొరుగుదేశం సరిహద్దు గేటు గుండానే తిరుగుతాయి. నాలుగో మనిషి లాయరమ్మ. ఆవిడ నోరు విప్పడం అరుదు, విప్పితే మిగతావాళ్ళు కళ్ళజోళ్ళు వెతుక్కుంటారు.

ఆ పొరుగుదేశమే సోమవారం నాడు కొంప ముంచింది. ముప్పై ఏళ్ళ కిందట అణుబాంబు జోలికి పోమని, కావాలంటే ఎప్పుడైనా వచ్చి చూసుకోమని, ప్రపంచం ముందు సంతకం పెట్టిన దేశం అది. యురేనియం ట్యాంకుల మూతలకి అంతర్జాతీయ తనిఖీ సంస్థ వేసిన సీళ్ళని ఆ రోజు పట్టపగలు పీకేసింది. ఆ సంగతి వార్తల్లో రాకముందే నాకు తెలుసు. ఎందుకంటే ఆ సీళ్ళు వేసింది మా అక్క.

“ఒసే, నా సీళ్ళు పీకేశారే!” అంది ఫోన్లో. “పద్నాలుగు! నా చేత్తో వేసినవి!”

“నువ్వెలా ఉన్నావక్కా?”

“కెమెరాల మీద దుప్పట్లు కప్పారు. హోటలు దుప్పట్లే! పువ్వులవి! సిగ్గుండక్కర్లా?”

“అక్కా! నువ్వెలా ఉన్నావని అడుగుతున్నా.”

అప్పుడు గానీ నా ప్రశ్న వినబడలేదు. “మా తనిఖీవాళ్ళం నలుగురినీ హోటల్లో పెట్టారు. పాస్‌పోర్టులు లాక్కున్నారు. విమానాలు లేవు. శనివారం పొద్దున రోడ్డు దారిన తీసుకొచ్చి మన గేటు దగ్గర వదిలేస్తారట. ఆ రోజు దాటితే మాత్రం మాకు గూఢచారులమని పేరుపెట్టి విచారణ చేస్తారట. నా బీపీ మాత్రలు ఆదివారం దాకానే వస్తాయే.”

మా అక్క భయపడగా నేను చూడలేదు. ఆ మాత్రల మాటలో మొదటిసారి విన్నాను.

పాస్‌పోర్టు లేని మనిషిని మన గేటువాళ్ళు పైనుంచి ఉత్తర్వు రానిదే లోపలికి రానివ్వరు. కన్నతల్లి అయినా సరే, కాగితం చూపించమంటారు. మంత్రిగారి కార్యాలయానికి ఫోన్ చేశాను. “గురువారం పార్లమెంటులో తీర్మానం ఉందిగా మేడమ్, అందులో ఏముంటే అది చేస్తాం” అన్నారు. ఆ తీర్మానం రాసేది నేనే. దేవుడు కళ్ళు తెరిచాడనుకున్నాను.

పదకొండు పేరాలు రాశాను. పదో పేరా నాది: “తనిఖీ అధికారులను సరిహద్దు గేటు దగ్గర ప్రభుత్వం స్వీకరించి, క్షేమంగా ఇళ్ళకు చేర్చాలి.” దాన్ని కాపాడటానికి ముందు వరుసలో దిష్టి పేరాలు తగిలించాను. రెండో పేరా మాస్టారి కోసం, ఆ దేశపు జెండా రంగులున్న పాఠ్యపుస్తకాలన్నీ మళ్ళీ అచ్చువేయాలని. ఆరో పేరా ఎవరికి నచ్చితే వాళ్ళ కోసం, ఆ దేశం పేరున్న వీధులన్నిటికీ పేర్లు మార్చాలని. నాలుగో పేరా లారీలాయన కోసం: “ఆ దేశంతో ఉన్న సరిహద్దు గేటును ఈ సాయంత్రం ఆరు గంటలకు మూసివేయాలి.” ఆయన దాన్ని చూడగానే కుర్చీలోంచి లేచి మరీ కొట్టేస్తాడని నాకు నూటికి నూరుపాళ్ళు నమ్మకం. అదే నేను చేసిన తప్పు.

గురువారం పొద్దున కమిటీ గదిలోకి వెళ్ళేసరికి టీవీ కెమెరా ఉంది. విషయం దేశభద్రతకి సంబంధించింది కాబట్టి జనమంతా చూడాలని స్పీకరు హుకుమట. ఇరవయ్యారేళ్ళలో మా గదిలోకి కెమెరా రావడం అదే మొదలు. పెద్దాయన జుట్టు బుధవారం తెల్లగా ఉంది, గురువారం నల్లగా ఉంది. మాస్టారు కొత్త కండువాతో వచ్చారు. ఎర్ర పెన్సిళ్ళు బల్లమీద వరసగా పడుకునే ఉన్నాయి, ఎవరూ ముట్టుకోవడం లేదు.

“‘తీవ్రంగా ఖండిస్తోంది’ అని రాశారు. ‘అత్యంత తీవ్రంగా’ అనాలి” అన్నారు మాస్టారు కెమెరా వైపు చూస్తూ.

“‘అత్యంత తీవ్రాతితీవ్రంగా’ అందాం” అన్నాడు ఇంకో సభ్యుడు.

మామూలు రోజైతే మాస్టారు ఆ మాట విని స్పృహ తప్పేవారు. ఆ రోజు తల ఊపారు. పాఠ్యపుస్తకాలు మళ్ళీ అచ్చువేయడానికి ఒప్పుకున్నారు. వీధుల పేర్లతో పాటు, ఆ దేశం పేరున్న ఒక బంగాళాదుంప రకానికి కూడా పేరు మార్చాలని కలిపారు. నా దిష్టిబొమ్మలకి ఒకరి తర్వాత ఒకరు దండలేసి దణ్ణం పెడుతున్నారు.

నాలుగో పేరా వచ్చింది. నేను లారీలాయన వైపు చూశాను. ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. కెమెరా మీద ఎర్ర దీపం ఆయన వైపు తిరిగింది.

“మూసేయాలి!” అన్నాడు లేచి. “వ్యాపారం కంటే దేశం ముఖ్యం! ఈ సాయంత్రం ఆరింటికే మూసేయాలి!”

ఆ మాటంటున్నప్పుడు ఆయన గొంతు నిజంగానే వణికింది. టీవీలో చూసినవాళ్ళు దేశభక్తి అనుకున్నారు.

పదో పేరాకి వచ్చేసరికి మాస్టారి చెయ్యి పెన్సిలు మీదికి పోయింది. అలవాటైన ప్రాణం, ఎంతసేపని ఊరుకుంటుంది? “ఇంత నిప్పులాంటి తీర్మానంలో ఈ చల్లటి మాటలేమిటి? స్వీకరించడమేమిటి, క్షేమమేమిటి? పేరంటానికి పిలుస్తున్నామా?” అని గీత గీశారు. ఆ పూటంతటికీ ఎర్రగీత పడింది ఆ ఒక్కదానిమీదే. అందరూ బల్లలు చరిచారు. పెద్దాయన గంట కొట్టాడు. ఏకగ్రీవం.

మా అక్క రావాల్సిన గేటుని నా చేత్తో నేనే మూయించాను.

మూడో అంతస్తుకి వెళ్ళి శుద్ధప్రతి టైపు చేయడానికి కూర్చున్నాను. సాయంత్రం నాలుగింటికి అది సభ ముందుకెళ్ళాలి. నాలుగో పేరా ఎగరగొట్టి పదోది మళ్ళీ పెడితే అడిగే నాథుడు లేడు. తాము పాస్ చేసిన తీర్మానాన్ని తిరిగి చదివిన సభ్యుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. ఒక నిమిషం పాటు, అబద్ధమెందుకు, ఐదు నిమిషాల పాటు ఆలోచించాను. కానీ వాళ్ళు ఓటేయని మాటని వాళ్ళ పేరుమీద ఎన్నడూ రాయలేదు. అల్లరి వేరు, దొంగతనం వేరు. లేచి పెద్దాయన గదికి వెళ్ళాను.

ఆయన అద్దం ముందు నిలబడి ముఖానికి రాసిన పౌడరు తుడుచుకుంటున్నాడు.

“అయ్యా, ఆ నాలుగో పేరా కొట్టేయడానికి పెట్టింది” అన్నాను.

“తెలుసు.”

“తెలుసా?”

“నీకు ముందున్నాయన హయాం నుంచీ తెలుసమ్మా. చేపల దేశభక్తి మేం నిజంగానే నమ్మామనుకున్నావా? మాకూ కొట్టేయడానికి ఏదో ఒకటి కావాలి. నువ్వు పెడుతున్నావు, మేం కొడుతున్నాం. ఇద్దరికీ జరిగిపోతోంది.”

“మరి ఇవాళెందుకు కొట్టలేదు?”

“దేశమంతా చూస్తుంటే మెత్తబడ్డవాడిగా నా పేరు పడాలా?”

అక్క సంగతి చెప్పాను. ఆయన తువ్వాలు పక్కన పెట్టి కూర్చున్నాడు.

“ఇది ముందే చెప్పాల్సింది కదమ్మా.”

“చెబితే ఆ కాగితం నన్ను ముట్టుకోనిచ్చేవారా?”

“ఇచ్చేవాణ్ణి కాదు” అని ఒప్పుకున్నాడు. “సవరణకి నాలుగింటి దాకా టైముంది. కానీ మెత్తటి సవరణ మీద సంతకం పెట్టే మగాడు ఈ భవనంలో లేడు. ఆడవాళ్ళ సంగతి నాకు తెలీదు.”

మెట్లు దిగుతుంటే కింద మలుపులో లారీలాయన ఫోన్లో మాట్లాడుతున్నాడు. “ఎన్ని బళ్ళు అవతల ఉన్నాయి? ఎనభయ్యారా? ఒరేయ్, ఆరింటిలోపల ఎన్ని దాటితే అన్ని దాటించండ్రా! అడ్డంగా తోలండి!” ఫోన్ పెట్టేసి నన్ను చూసి, కడుపునొప్పి ఉన్నవాడిలా మెట్టుమీద కూలబడ్డాడు. ఆయన్ని చూడగానే నాకు బుర్రలో దీపం వెలిగింది. మెత్తబడటం వీళ్ళవల్ల కాదు. ఇంకా గట్టిపడమంటే క్షణంలో గట్టిపడతారు.

“సార్, గేటు మూసేస్తే సరిపోతుందా? నాకైతే మరీ మెతగ్గా అనిపిస్తోంది” అన్నాను.

“ఇంకా మెతకేంటమ్మా తల్లీ! నా కొంప...” అని, అటూ ఇటూ చూసి, “దేశం కోసం అనుకో” అన్నాడు.

“వాళ్ళు లారీల్లో ఏం పంపిస్తున్నారో ఏమో. ప్రతి లారీనీ ఆపి, తలుపులు తీసి వెతకద్దూ? ఆ దేశం నుంచి వచ్చే ప్రతి మనిషినీ, పాస్‌పోర్టు ఉన్నా లేకపోయినా, పట్టుకుని తెచ్చి కమిటీ ముందు నిలబెట్టద్దూ?”

ఆయన నా ముఖంలోకి చూశాడు. రెండువందల లారీలు ఊరికే రావు ఎవరికీ. “వెతకాలంటే లారీ ఇటు రావాలి” అన్నాడు నెమ్మదిగా.

“రావాలి సార్.”

“పట్టుకోవాలంటే మనిషి ఇటు రావాలి.”

“తప్పదు సార్.”

“పెన్నియ్యి” అన్నాడు.

నాలుగింటికి సభ కిటకిటలాడుతోంది. నేను అధికారుల బెంచీ మీద చివర్న కూర్చున్నాను. లారీలాయన లేచి, తీర్మానం మరీ మెతగ్గా ఉందని గర్జించి, సవరణ చదివాడు. సభ దద్దరిల్లింది. అంతలో లాయరమ్మ లేచింది.

“ఒక సందేహం” అంది. “ఆరింటికి గేటు మూసేసి, వచ్చేవాళ్ళని ఎక్కడ పట్టుకుంటారు?”

లారీలాయన చేతిలో కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. పెద్దాయన పైకప్పు కేసి చూస్తున్నాడు. లాయరమ్మ సవరణ కాగితాన్ని ఇంకోసారి చదివి, కళ్ళజోడు తీసి, తిన్నగా నా బెంచీ వైపు చూసింది. ఆ చూపు చూసి నా పని అయిపోయిందనుకున్నాను.

“ఇందులో పెద్ద లోపముంది” అంది. “గేటు మూస్తే వాళ్ళు మన చేతికి చిక్కకుండా తప్పించుకుంటారు. అలా తప్పించుకోవడానికి వీల్లేకుండా, తనిఖీలన్నీ ముగిసేదాకా గేటును రాత్రీ పగలూ బార్లా తెరిచే ఉంచాలని చేర్చండి. ఈ విషయంలో ఎలాంటి మెతకదనాన్నీ నేను సహించను.”

చప్పట్లు మోగాయి. గేటు తెరిచి ఉంచాలని ఆ సభ అత్యంత తీవ్రాతితీవ్రంగా, ఏకగ్రీవంగా తీర్మానించింది. మర్నాడు పత్రికలన్నీ ఉక్కుపాదం అని రాశాయి.

శనివారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. “ఒసే, నన్ను అరెస్టు చేశారే!”

“తెలుసక్కా. నేనే రాయించాను.”

“నువ్వా? నలుగురినీ రెండు తుపాకుల మధ్య కూర్చోబెట్టి టీ ఇచ్చారే. చక్కెర ఎక్కువైందంటే సారీ కూడా చెప్పారు.”

జీపు రాజధానికి చేరేసరికి మా బావ పోలీసు స్టేషను ముందు మాత్రల డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. అక్క దిగుతూనే, “చొక్కా ఇస్త్రీ చేసుకోలేవా?” అంది. ఆయన ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. పక్కనున్న పోలీసతను, ఖైదీని తాకకూడదని మాకు చెప్పబోయి ఊరుకున్నాడు.

తీర్మానం తీర్మానమే కాబట్టి సోమవారం నలుగురి తరఫునా ఆమెని కమిటీ ముందు నిలబెట్టాల్సి వచ్చింది. మళ్ళీ కెమెరా. మళ్ళీ నల్లజుట్టు. అక్క వారం రోజులుగా వేసుకున్న అదే కోటుతో కూర్చుంది. నేను పక్కబల్ల దగ్గర జరిగింది జరిగినట్టు రాసుకుంటున్నాను. మా బంధుత్వం ఆ గదిలో పెద్దాయనకి తప్ప ఎవరికీ తెలియదు.

“ఎన్ని సీళ్ళు పీకారు?” అన్నారు మాస్టారు.

“పద్నాలుగు.”

“సోమవారం ఒక్కరోజే?”

“పదమూడు సోమవారం. మొదటిది పోయినేడు వానాకాలంలోనే పోయింది. మూత తీసి మళ్ళీ అతికించారు. అతుకు చూసి కనిపెట్టాను. మేం ఊరుకుంటామో లేదో చూద్దామని చేసిన పని అది. అన్ని దేశాలకీ రాశాం. ఈ కమిటీకీ రాశాం.”

“మాకు రాలేదే!” అన్నాడు లారీలాయన.

“వచ్చింది. మీ దగ్గర్నుంచి జవాబు కూడా వచ్చింది.”

“ఏమని ఇచ్చాం?” అంది లాయరమ్మ. అందరూ నావైపు తిరిగారు. ఫైళ్ళు నా దగ్గరుంటాయి.

తీశాను. తెల్ల కాగితం, పెద్దాయన సంతకం, కింద ఎడమ మూల చిన్న అక్షరాల్లో రాసినవాళ్ళ పొడి సంతకం. అది నాదే. అది రాసినట్టు నాకు గుర్తులేదు. ఆ రోజు అలాంటివి ఇంకో పది రాసి ఉంటాను. నిలబడి చదివాను: “మీ నివేదిక గమనించడమైనది.”

“తర్వాత?” అంది లాయరమ్మ.

“అంతే మేడమ్.”

తీవ్రంగా అనేవాళ్ళెవరూ ఆ గదిలో మిగల్లేదు.

“అప్పుడు మేం ఏమైనా చేసుంటే ఇది ఆగేదా?” అని అడిగాడు పెద్దాయన చివరికి. ఆయన గొంతు కెమెరా కోసం మాట్లాడే గొంతు కాదు.

“ఏమో సార్. ఒక్కరైనా ఆ మూత ఎందుకు తీశారని వాళ్ళని అడిగుంటే ఆగేదేమో. ఎవరూ అడగలేదు కాబట్టి తెలీదు” అంది అక్క.

పావుగంట విరామమిచ్చారు. అక్కా నేనూ మెట్లమీద కూర్చున్నాం. ఆమె మోకాళ్ళు రుద్దుకుంటోంది. అందర్నీ ఆడించి అక్కని ఇంటికి తెచ్చుకున్నానని మూడు రోజులుగా నాకు లోపల ఎంత మురిపెంగా ఉందో, ఇప్పుడు అంత సిగ్గుగా ఉంది.

“ఆ జవాబు నువ్వే రాశావని నాకు అప్పుడే తెలుసే” అంది.

“ఎలా తెలుసు?”

“చిన్నప్పట్నుంచీ చూట్టంలా? అమ్మ వంటింట్లోంచి పిలిస్తే ‘ఆఁ’ అనేదానివి. పుస్తకంలోంచి తలెత్తేదానివి కాదు. అమ్మేమో విన్నావు కదా, వస్తావులే అనుకునేది. చివరికి నేనే వెళ్ళేదాన్ని.”

కోపంగా అనుంటే బాగుండేది. మామూలుగా అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పైన పెద్దాయన గంట కొట్టాడు. విరామం అయిపోయింది. రాసుకునే మనిషి లేకుండా కమిటీ మొదలవదు.

“పిలుస్తున్నారు, వెళ్ళు” అంది అక్క.

“ఆఁ” అన్నాను.

అక్క నా ముఖంలోకి చూసి ఫక్కున నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. లేచి మెట్లెక్కాను.